వేపనీడలో కారు, కారులో జిమ్మీ

పశువుల ఆసుపత్రిలో నేను పనిచేసినన్నాళ్ళూ ఎక్కువగా వాడిన మందేమిటని ఎవరైనా అడిగితే సీసాల పేర్లు చెప్పను. "ఏం కాదు" అనే మాట పేరు చెబుతాను. గేదె మేత ముట్టడం లేదని రైతు పరుగెత్తుకొస్తే ఏం కాదు. దూడకి పారుకుంటోందంటే ఏం కాదు. మేక గోనెసంచి నమిలి మింగిందంటే అసలే ఏం కాదు. ముందు మనిషిని కుదుటపరిస్తే పశువు సంగతి నెమ్మదిగా చూసుకోవచ్చన్నది మా పాతకాలం పద్ధతి. చాలాసార్లు నిజంగానే ఏమీ అయ్యేది కాదు. ఒక్కసారి మాత్రం అయింది. శాఖలో కొత్తగా చేరిన మీలాంటి పిల్లల కోసం ఏదైనా రాయమంటే అదే రాయాలనిపించింది. గొప్పలు చెప్పుకోవడానికి నా దగ్గర గేదెలు బోలెడున్నాయి గానీ మీకు పనికొచ్చేది ఈ కుక్క కథే. మనుషుల పేర్లు రాయను, అందరూ తిరువూరు సెంటర్లో నాకు రోజూ ఎదురుపడేవాళ్ళే. పేరున్నది కుక్కకొక్కదానికే. దానికి అభ్యంతరం ఉండదు.

నేను కాంపౌండర్ని. కాగితాల మీద మా ఉద్యోగానికి ఇంకేదో పొడుగాటి ఇంగ్లీషు పేరుంది, అది జీతం బిల్లు రాసేవాళ్ళకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. గంపలగూడెం మండలంలో ఊరూరా సైకిలు మీద తిరిగి, చివరికి తిరువూరులో రిటైరయ్యాను. ఊళ్ళలో మాత్రం అందరూ నన్ను "డాక్టరు గారూ" అనేవాళ్ళు. మొదట్లో "డాక్టర్ని కాదండీ" అని సరిదిద్దేవాణ్ణి. పోనుపోను ఆ మాట గొంతులోనే ఆగిపోయేది. ఆఖరి రోజుల్లో అయితే ఎవరైనా "కాంపౌండరు గారూ" అంటే, పాపం ఎవర్ని పిలుస్తున్నారో అని వెనక్కి తిరిగి చూసేవాణ్ణి.

ఇంకో ఏడాదిలో రిటైరవుతాననగా మా ఆసుపత్రికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. మా అమ్మాయి వయసు. నన్ను "బాబాయ్ గారూ" అనేది. మెచ్చుకున్నా అదే పిలుపు, తిట్టినా అదే పిలుపు. ఏది ఏదో గొంతును బట్టి మనమే తెలుసుకోవాలి.

ఎండలు ముదరకముందే ఆమె ఒక చార్టు రాసి తెచ్చింది. కారు బొమ్మ, అందులో నాలుక బయటపెట్టిన కుక్క బొమ్మ, కింద ముత్యాల్లాంటి అక్షరాలు. "ఎండాకాలంలో కుక్కను కారులో వదిలి వెళ్ళకండి. నీడలో ఉన్నా సరే, అద్దం కొంచెం దించినా సరే, ఇప్పుడే వచ్చేస్తామనుకున్నా సరే."

నాకు నవ్వాగలేదు. "మేడం, మన దగ్గరికొచ్చేవి గేదెలు. గేదెనెవరైనా కారులో ఎక్కిస్తారా?"

"మీరు నవ్వుకోండి బాబాయ్ గారూ. అతికించేది మాత్రం కాస్త అందరికీ కనపడేచోట అతికించండి."

అతికించాను. మందుల గదిలో నా కుర్చీ పక్కన ఒక కిటికీ ఉంది. దాని అద్దం ఎప్పుడో పగిలిపోయింది. మధ్యాహ్నం అయిందంటే ఎండ సరాసరి నా నెత్తిమీదకి దిగేది. చార్టు మంచి దళసరిగా ఉంది, కొలిచి కోసినట్టు ఆ కిటికీకి సరిపోయింది. అక్షరాలు లోపలివైపు ఉండేలా పెట్టాను. ఆ వేసవిలో నా బట్టతల చల్లగా ఉంది. ఆ చార్టుని రోజూ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇక జిమ్మీ సంగతి. వినగడప వైపు మామిడి తోటలున్న ఒక ఆసామి మాకు పాత పరిచయం. ఆయన గేదెలన్నీ నా చేతి మీదుగా ఈనినవే. ఆయన కూతురు హైదరాబాదులో మంచు దేశం కుక్కపిల్లని కొనుక్కుంది. తోడేలు మొహం, నీలం కళ్ళు, చలికోటు తొడిగినట్టు ఒళ్ళంతా తెల్ల బొచ్చు. ఫ్లాటులో అది గోల చేస్తోందని తీసుకొచ్చి నాన్న దగ్గర వదిలేసింది. కూతురు పెట్టిన పేరు ఆయనకి నోరు తిరగలేదు, జిమ్మీ అన్నాడు. మొదట్లో "ఈ దయ్యప్పిల్లని నేనెక్కడ పెంచనండీ" అని నా దగ్గర మొత్తుకున్నాడు. నెల తిరిగేసరికి దానికోసం హాల్లో కూలరు పెట్టించాడు. మరో నెలకి ఆ కూలరు ముందే తనూ పడుకోవడం మొదలుపెట్టాడు. రసాలు కాపుకొస్తే మొదటి పండు జిమ్మీదే. తోటలో కూలీలను కేకలేసే మనిషి ఆ కుక్క ముందు కూర్చుని "తినమ్మా, ఒక్క ముక్క తిను" అని బతిమాలుతుంటే నేను కళ్ళారా చూశాను.

మే నెలలో మా ఆసుపత్రి అటెండరు కూతురి పెళ్ళి. ఊరి చివర ఫంక్షన్ హాలు. పొద్దున పదింటికి ప్రార్థన అని కార్డులో వేశారు. నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గేటు దగ్గర వచ్చినవాళ్ళని పలకరిస్తూ నిలబడ్డాను, పిల్ల తండ్రికంటే హడావుడిగా. అప్పుడు ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. కొత్తది, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యలేదు. నడుపుతున్నది ఆసామి గారి అల్లుడు. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు, సెలవులకి అత్తారింటికి వచ్చాడు. ముందు సీట్లో ఆసామి, వెనక సీట్లో జిమ్మీ.

"అమ్మాయీ వాళ్ళమ్మా ఊరెళ్ళారు, ఇంట్లో ఎవరూ లేరండీ, వదిలేసి వద్దామంటే ఒకటే ఏడుపు. కారెక్కి కూర్చుంది" అని ఆసామి దిగాడు. "డాక్టరు గారూ, లోపలికి తీసుకురమ్మంటారా, బండిలో ఉంచమంటారా?"

చుట్టూ పదిమంది నిలబడి ఉన్నారు. అందులో పెళ్ళికొడుకు తరఫువాళ్ళు నలుగురు. "ఈయన డాక్టరు గారా?" అన్నట్టు చూశారు. అంతే, నేను మునగచెట్టెక్కేశాను. గొంతు సవరించుకుని తీర్పు చెప్పాను.

"లోపల బ్యాండు మోతకి బెదురుతుంది. బిర్యానీ ఎముకలు గొంతుకడ్డం పడతాయి. ఆ వేపచెట్టు నీడలో కారు పెట్టండి, అద్దం నాలుగు వేళ్ళు దించండి. హాయిగా పడుకుంటుంది. ఏం కాదు."

"మీరు చెప్పాక ఇంకేముందండీ" అని ఆసామి నాలుగు వేళ్ళు అద్దం మీద ఆనించి, కొలిచి మరీ దించాడు. ఆ మనిషికి నా మాట మీద ఉన్న గురి అంతటిది.

ఇక్కడొక్క సంగతి చెప్పాలి. నా జీవితంలో కొన్ని వందల గేదెలను నీడన కట్టించాను. ప్రతి రైతుకీ ఒకటే చెప్పేవాణ్ణి: పొద్దున కట్టినచోట మధ్యాహ్నం నీడ ఉండదు, పొద్దు తిరిగేకొద్దీ పలుపు మార్చి కట్టాలి అని. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ అది కారు కదా. కారుని ఎవరైనా మార్చి కడతారా? నా బుర్రకి ఆ ఆలోచనే రాలేదు.

పదింటి ప్రార్థన పదకొండున్నరకి మొదలైంది. పాస్టరు గారు కాపురం ఎలా చెయ్యాలో వధూవరులకి మొదటినుంచీ చివరిదాకా చెప్పారు. అదయ్యాక పాటలు, కేకు, ఫోటోలు. నేను అన్నింటిలోనూ నిలబడ్డాను. బంతిలో కూర్చునేసరికి ఒంటిగంట దాటింది. ఆ కుటుంబంలో పెద్దలు ఇంకా విస్తళ్ళేసి బంతి భోజనాలే పెడతారు. బంతిలో కూర్చున్నాక అందరూ తినేదాకా ఎవరూ మధ్యలో లేవకూడదు, అది వాళ్ళ పట్టింపు. మాది కూడా. నా పక్కన ఆసామి కూర్చున్నాడు. అల్లుణ్ణి మాత్రం మర్యాద కొద్దీ మేడ మీద ఏసీ గదిలో కూర్చోబెట్టారు.

బిర్యానీలో వేలు పెట్టానో లేదో, ఆలస్యంగా వచ్చిన డాక్టరమ్మ మా ఎదురు వరసలో కూర్చుంది. పట్టుచీర కట్టుకుంది. ఆసామిని చూసి నవ్వి, "జిమ్మీ ఎలా ఉందండీ?" అంది.

"బండిలో ఉందండీ మేడం."

"ఏ బండి?"

"కారండీ. బయట వేపచెట్టు కింద. డాక్టరు గారు ఉంచమన్నారు."

"ఏ డాక్టరు గారు?"

ఆసామి నా వైపు చూశాడు. నేను విస్తట్లో కోడికాలు వైపు చూశాను. అది నాకేమీ సాయం చెయ్యలేదు.

డాక్టరమ్మ విస్తరి ముట్టకుండానే లేచింది. "అయ్యో, బంతిలో లేస్తావేంటమ్మా!" అని పెళ్ళికూతురి పెద్దత్త కేకేసింది. ఆమె వినిపించుకోలేదు, చెప్పుల్లేకుండా బయటికి పరుగెత్తింది. అప్పుడు కదిలింది నా మట్టిబుర్ర. చెయ్యి ఎత్తి పట్టుకుని నేనూ పరుగెత్తాను, నా వెనక ఆసామి.

వేపచెట్టు నీడ చెట్టు కిందకే చేరిపోయింది. కారు నడి ఎండలో ఉంది. నాలుగు వేళ్ళు దించిన అద్దం పూర్తిగా ఎక్కించి ఉంది. రోడ్డు మీద లారీలు పోతుంటే కొత్త సీట్ల మీద దుమ్ము పడుతుందని, ఆఖర్న దిగిన అల్లుడు బిగించి తాళం వేసుకుని పోయాడు. లోపల జిమ్మీ వెనక సీట్లోంచి కిందికి జారి పడి ఉంది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"తాళం!" అంది డాక్టరమ్మ.

తాళం అల్లుడి జేబులో ఉంది. ఆసామి ఫోను చేశాడు. ఫోను కారులోనే మోగింది, చార్జింగు పెట్టి పోయాడు. ఆ చప్పుడికి జిమ్మీ తలెత్తి చూసింది. మళ్ళీ వాల్చేసింది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది, గుర్తొస్తే అన్నం సయించదు.

ఎవరో మైకు దగ్గరికి పరుగెత్తారు. "తెల్ల కారు వాళ్ళు వెంటనే బయటికి రావలసిందిగా కోరుతున్నాము." మన పెళ్ళిళ్ళలో ఈ ప్రకటన వినని చెవి లేదు, విని కదిలిన కాలూ లేదు. ఎవరి బండికో అడ్డం పెట్టాడు, వాడే వస్తాడులే అని ప్రతివాడూ గోంగూర కలుపుకుంటాడు. బయట చూస్తే తెల్ల కార్లు ఇరవై దాకా ఉన్నాయి. ఒక్కరూ రాలేదు.

ఆసామి మేడ మీదికి పరుగెత్తాడు. అమ్మయ్య అనుకున్నాను. అరనిమిషంలో వట్టి చేతులతో దిగొచ్చాడు, మొహం పాలిపోయి ఉంది.

"తాళమేదండీ?"

"పెరుగు వడ్డిస్తున్నారండీ" అన్నాడు.

"అయితే?"

"కొత్తల్లుడండీ. బంతిలోంచి ఎట్టా లేపమంటారు? గుమ్మం దాకా వెళ్ళాను. నోరు రాలేదు. రెండు నిమిషాలు, పెరుగన్నం అయిపోతే..." అంటూనే కారు అద్దానికి మొహం ఆనించి, "జిమ్మీ, అమ్మా, లేమ్మా" అని ఏడుపు మొదలుపెట్టాడు. ఆ మనిషిని ఏమనాలి? తిట్టబుద్ధేసింది, కౌగిలించుకోబుద్ధేసింది.

"రెండు నిమిషాలు దానికి లేవు" అంది డాక్టరమ్మ. "అద్దం పగలగొట్టండి."

"అల్లుడి కారండీ మేడం!"

ఆ మాటతో నాకు రోషం వచ్చింది. ఎవరి మీద అని అడక్కండి, నా మీదే. హాలు వెనక బిర్యానీ పొయ్యిల దగ్గర మిగిలిన ఇటుకలు పడి ఉన్నాయి. ఒకటి తెచ్చాను. "జరగండి!" అని పెద్దగా అరిచి, రెండు చేతులతో ఎత్తి, బలమంతా పెట్టి ముందు అద్దం మీద వేశాను.

ముందు అద్దం అలా పగలదని మీకు తెలుసేమో. నాకు తెలియదు. సాలెగూడులా బీటలు వారిందే గానీ చిన్న ముక్క కూడా రాలలేదు. ఇటుక ఎగిరొచ్చి నా కాలి బొటనవేలు మీద పడింది. నేను ఒంటికాలి మీద గెంతుతుంటే, "పక్క అద్దం బాబాయ్ గారూ! పక్క అద్దం!" అని డాక్టరమ్మ అరుస్తోంది. రెండోసారి మూల చూసి కొట్టాను. జలజలా రాలిపోయింది.

లోపల్నుంచి వచ్చిన సెగ మొహానికి ఫెళ్ళున కొట్టింది. బిర్యానీ డేగిసా మూత తీసినట్టే ఉంది. పొద్దుటి నుంచీ నేను ఆ కుక్కని అందులో పెట్టించానన్నమాట. ఇద్దరం కలిసి బయటికి లాగాం. ఒళ్ళు కాలిపోతోంది, నాలుక ముదురు ఎరుపుకి తిరిగింది, నోటినిండా జిగట. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ వాటికి మేమెవరమూ కనపడటం లేదు.

"ఐస్! కూల్‌డ్రింకుల డ్రమ్ములో ఐసుంది, తెచ్చి పోయండి!" అని కేకేశాను.

"ఐస్ వద్దు!" డాక్టరమ్మ నాకంటే పెద్దగా అరిచింది. "పైనున్న రక్తనాళాలు బిగుసుకుపోయి వేడి లోపలే ఉండిపోతుంది. మామూలు నీళ్ళు తెండి. పొట్టకి, కాళ్ళకి పోయండి. గాలి తగలాలి, ఆ కూలరు ఇటు లాగండి!"

చేతులు కడుక్కునే డ్రమ్ము దొర్లించుకొచ్చాం. పెళ్ళికొడుకు మేనమామలు ఇద్దరు కూలరు మోసుకొచ్చారు. బంతిలో లేవకూడదన్న పెద్దత్త తనే ముందుండి చెంబుతో నీళ్ళు పోసింది, "దేవా, నోరులేని జీవి, కాపాడు" అంటూ. పట్టుచీర తడిసి ముద్దైన డాక్టరమ్మ జిమ్మీ తల ఒళ్ళో పెట్టుకుని, "సెలైన్ ఎక్కించాలి. ఆసుపత్రి తాళం ఎవరి దగ్గరుంది?" అంది.

ఆసుపత్రి తాళం మా అటెండరు దగ్గరుంది. అంటే పెళ్ళికూతురి తండ్రి దగ్గర. స్టేజీ మీద నల్ల సూటు తొడుక్కుని ఫోటోకి నిలబడ్డ మనిషి కబురు వినగానే బెల్టుకున్న తాళాల గుత్తి తడిమి చూసుకున్నాడు. కూతురి పెళ్ళిరోజు కూడా ఆ గుత్తి వదలని ఉద్యోగి ఇంకొకడున్నాడేమో నాకు తెలియదు. "ఇప్పుడే వస్తానమ్మా" అని పెళ్ళికూతురికి చెప్పి స్టేజీ దూకేశాడు.

గంపలగూడెం పోయే షేర్ ఆటో ఒకటి గేటు ముందుంటే అందులో పడ్డాం. పట్టుచీర, నల్ల సూటు, ఒంటికాలి నేను, ఏడుస్తున్న ఆసామి, మా ఒళ్ళో అడ్డంగా జిమ్మీ. ముందే ఎక్కి కూర్చున్న ఒకావిడ కూరల సంచీ పట్టుకుని దిగబోయింది. మళ్ళీ ఏమనుకుందో, కూర్చుని ఆసుపత్రి దాకా పైటకొంగుతో కుక్కకి విసురుతూ వచ్చింది.

మందుల గదిలోనే సెలైన్ ఎక్కించాం. ఆ గంటన్నర నేను చేసిన పనల్లా సీసా పట్టుకు నిలబడటం. ఆసామి నేలమీద కూర్చుని జిమ్మీ కాలు పట్టుకున్నాడు, "మా అమ్మాయికి ఏం చెప్పను? నాకు నేనేం చెప్పుకోను?" అని గొణుగుతున్నాడు. గది మాత్రం చల్లగా ఉంది. ఈ కిటికీలోంచి ఎండ రావడం లేదేమిటా అని డాక్టరమ్మ తలెత్తింది. తన చార్టు కనపడింది. మెల్లగా మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాకా చదివింది. నా వైపు తిరిగింది. కనీసం "బాబాయ్ గారూ" అని కూడా అనలేదు. నా తల కొట్టేసినట్టయింది.

ఇంకాసేపటికి జిమ్మీ చెవి కదిలింది. తర్వాత తోక. తర్వాత తల ఎత్తి, పళ్ళెంలో నీళ్ళు నాలుగు గుక్కలు తాగింది. ఆసామి లేచొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "డాక్టరు గారూ, దేవుడల్లే వచ్చి అద్దం బద్దలుకొట్టారు. మీరే బతికించారండీ."

ఊరుకుంటే సరిపోయేది. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. కానీ చేతిలో సెలైన్ సీసా, ఎదురుగా చార్టు. నా వల్ల కాలేదు.

"నేను బతికించలేదండీ. చంపబోయాను. కారులో పెట్టమంది నేనే, ఏం కాదన్నదీ నేనే. బతికించింది ఆవిడ. ఇంకో మాట, నేను డాక్టర్ని కాదు. కాంపౌండర్ని."

ఆసామి కళ్ళు తుడుచుకుని నన్ను వింతగా చూశాడు. "మీరు కాంపౌండరని మాకు తెలియదేంటండీ? మా నాన్న రోజుల నుంచీ తెలుసు. ఊరందరికీ తెలుసు. అట్టా పిలిస్తే మీరు సంతోషపడతారని పిలుస్తాం."

అటెండరు గోడవైపు తిరిగి నవ్వు ఆపుకుంటున్నాడు. డాక్టరమ్మ ఆపుకోలేదు.

అప్పుడే అల్లుడు వచ్చాడు, పెరుగన్నం ముగించి, కిళ్ళీ వేసుకుని, ఎవరి బైకు మీదో. జిమ్మీని చూసి పాపం అతనికీ నీళ్ళు తిరిగాయి. "నాకు చెప్తే లేచొచ్చేవాణ్ణి కదా మావయ్యా, పెరుగన్నం ఎక్కువా?" అన్నాడు. అల్లుడు నా వైపు తిరిగి చాలా మర్యాదగా, "పక్కద్దం సరేనండీ. ముందద్దం ఎందుకు పగలగొట్టారు?" అని అడిగాడు. నేను వంగి వాచిన బొటనవేలు చూసుకున్నాను.

మర్నాడు చార్టు ఊడదీసి ఆసుపత్రి గేటుకి అతికించాను, అక్షరాలు రోడ్డువైపు. మిగిలిన ఆ వేసవంతా నా బట్టతల మాడింది, అది న్యాయమే. అటెండరు ఇంట్లో పెళ్ళి ఆల్బం తిరగేస్తే సగం ఫోటోల్లో పెళ్ళికూతురి తండ్రి నల్లసూటు నిండా తెల్ల బొచ్చుతో ఉంటాడు. జిమ్మీ బాగానే ఉంది. కారెక్కమంటే మాత్రం ఎక్కదు, ఆసుపత్రికి ట్రాక్టరు ట్రక్కులో వస్తుంది. నన్ను చూసి తోక ఊపుతుంది. దానికి జరిగిందేమిటో తెలియదు మరి.

రిటైరయ్యాక కూడా ఎండాకాలంలో ఏ పెళ్ళికి వెళ్ళినా నేను బంతిలో కుదురుగా కూర్చోలేను. మొన్నీమధ్య ఒక భోజనాల్లో అలాగే సగంలో లేచాను. "బంతిలో లేస్తారేంటి డాక్టరు గారూ!" అని ఇంటాయన నొచ్చుకున్నాడు. "డాక్టర్ని కాను, కాంపౌండర్ని" అని చెప్పి బయటికెళ్ళి కార్లన్నీ ఒక్కొక్కటే తొంగిచూశాను. ఎండలో ఉన్న ఒక ఎర్ర కారు వెనక సీట్లో తెల్ల బొచ్చు కనపడింది. కదలిక లేదు. తలుపు తాళం వేసుంది. కేకేశాను, ఎవరూ పలకలేదు. ఇటుక తెచ్చి, ఈసారి పక్క అద్దం మూలకే సరిగ్గా గురిపెట్టి చెయ్యి ఎత్తాను.

"అయ్యా, అయ్యా, ఆగండి!" అంటూ ఒకాయన ఎంగిలి చేత్తో పరుగెత్తుకొచ్చాడు. "అది మా పాప ఆడుకునే బొమ్మండీ!"

మళ్ళీ చూశాను. బొమ్మే.

"బొమ్మయితే ఏం కాదు" అన్నాను. చాలాకాలానికి ఆ మాట నిజంగా తెలిసి అన్నాను. ఇటుక కింద పెట్టి లోపలికి వచ్చేసరికి నా విస్తరి ఎత్తేశారు.

నన్ను చూసి ఇంటాయన రెండో బంతిలో మళ్ళీ వేయించాడు.